దీపం ఎవరి మీద పడుతోంది?

ఈ మధ్య హోటల్లో మెనూ కార్డు చదవడానికి సెల్‌ఫోన్ టార్చి వేశారా మీరెప్పుడైనా? వేసే ఉంటారు. పుట్టినరోజనో పెళ్లిరోజనో ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ముందు కుర్చీ కనపడదు. తడుముకుని కూర్చున్నాక ఎదురుగా ఉన్న మనవాళ్లు కనపడరు. "కరెంటు పోయిందిట్రా?" అని తాతయ్య అడుగుతాడు. "అబ్బా, ఇది యాంబియెన్స్ తాతయ్యా" అని పిల్లలు నోరు నొక్కేస్తారు. అదే రోడ్డుకి అవతలి పక్కన ఉన్న నగల షాపు చూడండి. రాత్రి తొమ్మిదింటికి కూడా సూదిలో దారం ఎక్కించుకోవచ్చు అక్కడ.

ఒకాయన చీకటి పెట్టి అమ్ముతున్నాడు, ఇంకొకాయన వెలుగు పెట్టి అమ్ముతున్నాడు. ఇద్దరి బేరమూ నిక్షేపంగా సాగుతోంది. మరి ఇందులో కిటుకెక్కడుంది? ఇవాళ ఆ కబుర్లే చెప్పుకుందాం, తీరిగ్గా కూర్చోండి.

నా లెక్క ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకుంటారో పోట్లాడతారో మీ ఇష్టం. షాపులో దీపం ఎంత ఖరీదుది, ఎంత సోకుగా ఉంది అనేది పక్కన పెట్టండి. అది ఎవరి మీద పడుతోందో చూడండి చాలు. వీధి మీద పడేది మనల్ని పిలుస్తుంది. సరుకు మీద పడేది చెయ్యి చాపిస్తుంది. గోడ మీద పడేది కూర్చోబెడుతుంది, లేదా లేపి పంపుతుంది. మన మొహం మీద పడేది మనకే మనల్ని అమ్ముతుంది. జీతం తీసుకోని గుమస్తా అన్నమాట. కరెంటు బిల్లు కడితే చాలు, నాలుగు పనులూ నోరెత్తకుండా చేసుకుపోతుంది.

వీధి మీద పడే దీపంతో మొదలుపెడదాం. కాస్త వయసున్నవాళ్లకి పెట్రోమాక్స్ లైటు గుర్తుంటుంది. తిరునాళ్లలో మిఠాయి కొట్టు ముందు, ఊరి సెంటర్లో మిరపకాయ బజ్జీల బండి మీద, సుయ్‌మని చప్పుడు చేస్తూ వెలిగేది. గంటకోసారి పంపు కొట్టాలి, లేకపోతే అలిగి ఎర్రబడిపోతుంది. పురుగులన్నీ అక్కడే, జనమంతా అక్కడే. బజ్జీ రుచి సంగతి దేవుడెరుగు, చీకటి ఊళ్లో వెలుగున్న చోటికి కాళ్లు వాటంతటవే నడిచేవి. వ్యాపారానికి దీపం చేసే మొదటి సాయం అదే. "ఇక్కడ మనుషులున్నారు, కొట్టు తెరిచే ఉంది, రండి" అని నోరు విప్పకుండా చెప్పడం.

పట్నాల్లో ఆ పని నియాన్ దీపాలు అందుకున్నాయి. 1910 డిసెంబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జి క్లాడ్ అనే ఫ్రెంచి ఇంజనీరు నియాన్ గొట్టాలు వెలిగించి చూపించాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఊళ్లోనే ఓ మంగలి షాపు మీద నియాన్ బోర్డు ఎక్కింది. చూశారా, కొత్త దీపాన్ని ముందుగా పట్టుకున్నది రాజభవనమేం కాదు, క్షవరం చేసుకోవడానికి జనం రావాలనుకున్న ఓ చిన్న దుకాణం!

ఇక మన దగ్గర సీరియల్ సెట్లు, మిర్చి లైట్లు దసరాకీ పెళ్లిళ్లకీ సినిమా హాళ్లకీ మాత్రమే ఉండేవి. ఇప్పుడు పండగ లేకపోయినా ప్రతి షాపూ పెళ్లివారిల్లే. దీనికి కారణం ఎల్‌ఈడీ. నీలం కాంతినిచ్చే ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలానికి పసుపు పూత జతచేస్తేనే మన ఇళ్లలోని తెల్ల వెలుగు వస్తోంది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. 2014లో ప్రభుత్వ సంస్థ కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 310 రూపాయలు. 2016కి అది 38 రూపాయలకు దిగింది. అంత చవకయ్యాక ఎవరాగుతారు చెప్పండి? పైగా పాత బల్బు తినే కరెంటులో అధిక భాగం వేడి కిందే పోయేది. ఎల్‌ఈడీకి అంత సెగ లేదు. అందుకే దీపం పైకప్పు నుంచి దిగొచ్చి స్వీటు షాపు అద్దాల బీరువాలో కాజా పక్కన, పూతరేకుల పక్కన చేరిపోయింది. పాత హాలోజెన్ అక్కడ పెట్టి ఉంటే సాయంత్రానికి నెయ్యి కారి పళ్లెంలోకి వచ్చేది.

అయితే వీధి వీధంతా వెలిగిపోతుంటే ఎవరి పిలుపు వినపడుతుంది? కంటిని లాగేది వెలుగు కాదు, తేడా. చీకట్లో పెట్రోమాక్స్ తేడా. కొట్ల వరసంతా తెల్లగా మండిపోతున్న రోడ్డు మీద, గుమ్మంలో చిన్న పసుపు దీపం పెట్టుకున్న కాఫీ షాపు తేడా. చీకటి అమ్ముకుంటున్నాయన లెక్క కొంత ఇక్కడే తేలిపోయింది.

పదండి, లోపలికి వెళ్దాం. సరుకు మీద పడే దీపం గుట్టు మన ఆడవాళ్లకి తెలిసినంతగా ఏ ఇంజనీరుకీ తెలీదు. మ్యాచింగ్ సెంటర్లో ఒక్క పావుగంట నిలబడి చూడండి. చీర కొంగు ఓ చేత్తో, టూ బై టూ గుడ్డ ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తారు. లోపల అన్ని లైట్లుండగా బయటికెందుకు? "లోపల లైటుకి అలా ఉందిగానీ అక్కా, బయట చూడండి" అని షాపు కుర్రాడే చెప్తాడు. బయటికి వస్తే లోపల చక్కగా కలిసిన ఉల్లిపొర రంగు కాస్తా విడిపోతుంది. ఒకటి గులాబీ వైపు, ఒకటి ఇటుక రంగు వైపు.

కారణమేంటంటే, చీరకి వేసిన అద్దకం వేరు, జాకెట్టు గుడ్డకి వేసిన అద్దకం వేరు. ఒక దీపం కింద రెండూ మన కంటికి ఒకే రంగుగా కనిపించవచ్చు. దీపం మారితే ఆ పొత్తు చెడుతుంది. దీన్ని శాస్త్రంలో మెటామెరిజం అంటారు. మా పెద్దమ్మ "రాత్రిపూట రంగు కొనకండే" అనేది. రెండూ ఒకటే మాట.

దీపంలోనూ రకాలున్నాయి. ఎండలోనూ పాత బల్బులోనూ ఇంద్రధనుస్సు రంగులన్నీ ఎక్కడా తెగకుండా ఉంటాయి. ట్యూబులైట్లోనూ చవక ఎల్‌ఈడీలోనూ మధ్యమధ్య గండ్లుంటాయి. వస్తువు రంగుని దీపం ఎంత నిజాయితీగా చూపిస్తుందో కొలవడానికి సీఆర్‌ఐ అని ఓ మార్కుల పద్ధతి ఉంది. పాత బల్బుకి నూటికి నూరు. మామూలు ఎల్‌ఈడీకి ఎనభై దాకా. ఫర్వాలేదే, ఫస్టు క్లాసే కదా అనుకుంటాం. తిరకాసేంటంటే, ఈ మార్కులు ఎనిమిది లేత రంగుల మీద వేసిన సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదింటిలో లేదు. దానికి ఆర్9 అని వేరే కొలత. సగటున ఎనభై తెచ్చుకున్న ఎల్‌ఈడీ ఎరుపులో సున్నా దగ్గర ఆగిపోవచ్చు. ఇప్పుడు మీరే చెప్పండి, మన పెళ్లిచీరల్లో సగం ఎరుపూ మెరూనూ రాణి రంగులే. ఆ దీపం కింద అవి చప్పబడిపోతే వ్యాపారి ఊరుకుంటాడా? అందుకే పెద్ద చీరల షాపుల్లో కౌంటరు పైన తొంభై దాటిన ఖరీదైన ఫోకస్ లైట్లుంటాయి. మీగడ రంగు పరుపు మీద ధర్మవరం చీర పరిచి, కొంగు ఇలా ఒక్క విదిలింపు విదిలిస్తారు చూడండి, అప్పుడు జరీ మీద ఆ లైటు సూటిగా తగిలి జల్లుమంటుంది. దీపం, విదిలింపు, "మీ కోసమే పక్కన పెట్టానమ్మా" అనే మాట, మూడూ కలిసి పనిచేస్తాయి.

నలుపు ప్యాంటనుకుని ముదురు నీలం కొనుక్కొచ్చిన మగవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. అవును, మసక పసుపు వెలుగులో ఆ రెండూ కవల పిల్లలే.

బంగారం కొట్టుకి వద్దాం. బంగారం నీలం కాంతిని మింగేసి పసుపునీ ఎరుపునీ తిప్పి పంపుతుంది. కాబట్టి పసుపు దీపం కింద పెడితే బాగా పండిన రంగు కనిపిస్తుంది. వెండికి అదే దీపం పెడితే పాతబడినట్టుంటుంది, దానికి తెల్ల దీపం కావాలి. వజ్రానికి రంగుతో పాటు దీపం సైజు కూడా ముఖ్యం. మబ్బు పట్టిన ఆకాశంలాగా అన్ని వైపుల నుంచీ మెత్తగా వెలుగు వస్తే వజ్రం గాజు ముక్కలా ఊరుకుంటుంది. అదే చిన్నచిన్న చుక్కల దీపాలు పైన పది ఉంటే, వజ్రం పలక పలకలోనూ ఒక్కో చుక్క మెరుస్తుంది. మీరు చెయ్యి కదిపినప్పుడల్లా మెరుపు ఇక్కణ్ణుంచి అక్కడికి దూకుతుంది. అందుకే ఒకే షాపులో బంగారం వైపు పైకప్పు ఒకలాగా, వజ్రాల వైపు ఇంకోలాగా ఉంటుంది. చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్క గాజుల దుకాణాలదీ ఈ విద్యే. రాళ్లు గాజువే కావచ్చు, వాటి మీద గుమ్మరించే వెలుగుకి కళ్లు జిగేల్‌మంటాయి.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు మనవాళ్లు. తమాషా ఏంటంటే, మంచి కన్ను దీనికి సరిగ్గా ఎదురు. పసుపు దీపాల షాపులో రెండు నిమిషాలు ఉంటే చాలు, మన మెదడు ఆ పసుపుని లెక్కలోంచి తీసేసి తెల్ల కాగితాన్ని తెల్లగానే చూపిస్తుంది. దీపం పసుపుదన్న సంగతి మనం మర్చిపోతాం. నగ మీద అది చేసే సాయం మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి బంగారం విషయంలో కంటిని నమ్ముకోవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ ఉండి తీరాలి. కొట్లో ఇచ్చే భూతద్దంతో దాన్ని చూడండి. దాని ముందు ఏ దీపం పప్పులూ ఉడకవు.

ఇంతా చెప్పి, తోపుడు బండి ఇంజనీర్లని వదిలేస్తే పాపం తగులుతుంది. ఎండాకాలంలో పుచ్చకాయల గుట్ట మీద ఎర్ర పట్టా ఎందుకు కడతారనుకున్నారు? నీడ కోసమైతే నీలం పట్టా కూడా నీడే ఇస్తుంది. ఎర్ర పట్టాలోంచి దిగిన వెలుగులో కోసిన ముక్క ఎర్రగా నోరూరిస్తుంది. టమాటాలదీ అదే కథ. ఆకుకూరల మీద ఆకుపచ్చ గుడ్డ. వీళ్లెవరూ కాంతి శాస్త్రం చదువుకోలేదు, పైసా కరెంటు ఖర్చు లేదు, సూర్యుడినే దుకాణంలో పెట్టుకున్నారు. మాంసం కొట్లో ఎర్ర బల్బు, చేపల మీద నీలి తెలుపు దీపం దీనికి అన్నదమ్ములే. రంగు వెలిసిన మాంసం కూడా ఆ ఎర్ర వెలుగులో ఇప్పుడే కోసినట్టుంటుంది. చైనాలో ఈ వ్యవహారం ముదిరి, కూరగాయలూ మాంసమూ లాంటి వాటి అసలు రంగుని మార్చి చూపించే దీపాలు వాడకూడదని నియమమే పెట్టారు. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మనం ప్రభుత్వం దాకా పోనక్కర్లేదు. కవరులో వేసేముందు "ఓసారి ఇలా బయటికి తియ్యి బాబూ" అంటే సరిపోతుంది.

మూడోది గోడ. హోటల్ గొడవంతా ఇక్కడే ఉంది. 1973లో జాన్ ఫ్లిన్ అనే అమెరికా పరిశోధకుడు, తన తోటివాళ్లతో కలిసి చక్కని ప్రయోగం చేశాడు. ఒకటే గది, అవే కుర్చీలు, అదే బల్ల. దీపాలు మాత్రం ఆరు రకాలుగా మార్చి, గది ఎలా ఉందో చెప్పమని మనుషుల్ని అడిగాడు. పైనుంచి మాత్రమే వెలుగు పడితే గది ఒకలాగా, గోడలు వెలిగితే అదే గది విశాలంగా, హాయిగా అనిపించింది. గోడ కదల్లేదు, ఇటుక కదల్లేదు, గది పెరిగింది! హైదరాబాదు ఇరానీ హోటళ్లవాళ్లకి ఇది ముందునుంచీ తెలుసు. రెండు వీధులు కలిసే మూల మీద కొట్టు, వెడల్పాటి గుమ్మాలు, గోడలకి నిలువుటద్దాలు. పగటి వెలుగు లోపలికి వచ్చి అద్దాల్లో రెండింతలవుతుంది. ఒక్క చాయ్ తాగి గంట కూర్చున్నా ఎవరూ లేపరు.

దీనికి భిన్నంగా మన ఆంధ్రా మెస్సుని చూడండి. తెల్ల ట్యూబులైట్లు, తెల్ల టైల్సు, వెనకాల కుర్చీ పట్టుకుని నిలబడ్డ తర్వాతి మనిషి. పప్పు, గోంగూర, పెరుగు, లెయ్. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపల ఒక్కో కుర్చీ ఎన్నిసార్లు నిండితే అంత వ్యాపారం. ఆ వెలుగులో బద్ధకించాలని ఎవరికీ అనిపించదు. మసక హోటలాయన లెక్క వేరు. ఆయన దగ్గర ఒక్క బల్ల మీద రెండు గంటలు కూర్చున్నా నష్టం లేదు, సూపుతో మొదలై ఐస్‌క్రీము దాకా వెళ్తే చాలు. కుర్చీ తిరగాలా, బిల్లు పెరగాలా అన్నదాన్ని బట్టి దీపం. 1973లోనే ఫిలిప్ కోట్లర్, మార్కెటింగ్ పాఠాల కోట్లర్ ఆయనే, దుకాణం వాతావరణం కూడా సరుకులో భాగమేనని పెద్ద వ్యాసం రాశాడు. కొన్ని చోట్ల సరుకు కంటే అదే పెద్ద సరుకని కూడా అన్నాడు.

మసకలోనూ మంచి చెడ్డలున్నాయి. ఒకప్పటి మన బార్ అండ్ రెస్టారెంట్లు గుర్తు చేసుకోండి. ఎర్ర జీరో బల్బు ఒకటి, అది పేరుకే జీరో, పన్నెండో పదిహేనో వాట్లు తినేది. ఆ వెలుగులో చికెన్ అరవై ఐదూ గోబీ అరవై ఐదూ ఒకటే. అక్కడ చీకటి పెట్టింది హాయి కోసం కాదు, పక్క బల్ల మీద మన మేనమామ ఉన్నా కనపడకుండా ఉండటానికి. ఇప్పటి మసక వేరు. బల్ల మధ్యలోకి చిన్న పసుపు దీపం దిగుతుంది, పళ్లెం వెలుగుతుంది, చుట్టూ చీకటి. పక్కనవాళ్లున్నా లేనట్టే, మనకో గది కట్టిచ్చినట్టే. రంగు కూడా చూసుకోవాలి. 1941లో ఫిలిప్స్ కంపెనీ శాస్త్రవేత్త క్రూయిటోఫ్, వెలుగు తక్కువైనప్పుడు పసుపు ఛాయ, ఎక్కువైనప్పుడు తెలుపు ఛాయ కంటికి హితంగా ఉంటాయని గీత గీసి చూపించాడు. తర్వాతి ప్రయోగాలన్నీ ఆయన్ని సమర్థించలేదు. కానీ సందు చివర టిఫిన్ హోటల్లో రాత్రి తొమ్మిదింటికి వెలిగే ఒంటరి నీలి తెలుపు బల్బు కింద ఎప్పుడైనా ఇడ్లీ తిన్నారా? పాపం, క్రూయిటోఫ్ గారి మాటలో ఎంతో కొంత ఉందనిపిస్తుంది.

నాలుగోది మన మొహం. బట్టల షాపు ట్రయల్ రూములో నడినెత్తి మీద ఒకే ఒక్క లైటుంటే కళ్ల కింద నీడలు, ముక్కు కింద నీడ. కొత్త చొక్కా బాగానే ఉంటుంది, మనమే పదేళ్లు పెద్దవాళ్లమైపోతాం, చొక్కా తిరిగి ర్యాకులోకి పోతుంది. తెలివైన షాపువాడు అద్దానికి రెండు పక్కలా నిలువుగా మెత్తటి లైట్లు పెడతాడు. నీడలు పోతాయి, ముడతలు సర్దుకుంటాయి, "బాగుందే!" అనుకుని బిల్లింగుకి నడుస్తాం. నిజానికి బాగున్నది చొక్కానో దీపమో! మసక హోటల్లో జరిగేదీ ఇదే. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, చర్మం మీద మచ్చలు కనపడవు, పసుపు ఛాయకి అందరి మొహాల్లో నిగారింపు వస్తుంది. కొత్త దంపతులు అక్కడికి వెళ్లేది పన్నీరు కోసం అనుకున్నారా?

ఇప్పుడు ఇంకో మొహం కూడా చేరింది, సెల్‌ఫోన్లో పడే మొహం. జూబ్లీహిల్స్ నుంచి మొదలై రాజమండ్రి, ఖమ్మం దాకా ప్రతి కొత్త కెఫేలోనూ ఓ మూల ప్లాస్టిక్ ఆకుల గోడ, దాని మీద గులాబీ రంగులో ఎల్‌ఈడీ నియాన్ అక్షరాలు, ఇంగ్లీషులో ఏదో తియ్యటి మాట. అక్కడ తిండి పెట్టరు, ఫొటో తీసుకుంటారు. ఒక్కో ఫొటో ఒక్కో ఉచిత ప్రకటన. ఇన్నాళ్లూ మన కంటి కోసం దీపం పెట్టిన హోటలాయన ఇవాళ మన కెమెరా కోసం పెడుతున్నాడు.

ఈ హడావుడిలో అన్యాయమైపోయింది తాతయ్య. అరవై ఏళ్ల మనిషికి కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల కంటిలో రెటీనాకి చేరే వెలుగులో ఆయనకి చేరేది దాదాపు మూడో వంతు. మనవడికి యాంబియెన్స్ అనిపించింది ఆయనకి అమావాస్య. కరెంటు పోయిందా అని ఆయన అడిగితే అందులో వేళాకోళం లేదు, శాస్త్రముంది. బిల్లు కట్టేది కూడా చాలాసార్లు ఆయనే కాబట్టి, హోటళ్లవాళ్లు ఒకటి రెండు బల్లల దగ్గరైనా మంచి లైటు పెట్టుకుంటే పుణ్యమూ పురుషార్థమూ.

సరే, ఇంతకీ ఈ దీపాల వల్ల మన జేబు నిజంగా ఖాళీ అవుతుందా? ఈ ప్రశ్న దగ్గర నేను జాగ్రత్తగా మాట్లాడతాను. 1994లో అరేనీ, కిమ్ అనే ఇద్దరు అమెరికాలో ఓ వైన్ దుకాణంలో చూశారు. వెలుగు పెంచిన రోజుల్లో జనం ఎక్కువ సీసాలు చేతిలోకి తీసుకుని చూశారు. అమ్మకాలు మాత్రం పెరగలేదు. చూశారా, దీపం చెయ్యి చాపించింది, పర్సు తీయించలేదు. జర్మనీలో మైంజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో వైన్ మీద చేసిన ప్రయోగాల్లో, వైన్ రంగు మీద దీపం ప్రభావం లేకుండా చూసుకున్నా సరే, ఎరుపు, నీలం వెలుగున్న గదిలో తాగినవాళ్లకి అది ఆకుపచ్చ, తెలుపు గదిలో కంటే బాగుందనిపించింది. నాకు ఇష్టమైనది 2014 నాటిది. అలిసన్ జింగ్ షూ, అపర్ణ లబ్రూ చేసింది. వెలుగు ఎక్కువున్న గదిలో కూర్చున్నవాళ్లు కోడి రెక్కలకి ఇంకా కారం సాసు కావాలన్నారట. ప్రకాశం పెరిగితే మనిషిలో ఉద్రేకం కూడా పెరుగుతుందని వాళ్ల వాదన. ట్యూబులైట్ల కింద గోంగూరలో ఇంకో ఉల్లిపాయ, ఇంకో పచ్చిమిర్చి నంజుకునే మనకి ఇది చెప్పాలా?

ఇక మీరు ఎక్కడైనా తప్పకుండా చదివే ముచ్చట ఒకటుంది. ఓ ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో దీపాలు తగ్గించి మెల్లటి సంగీతం పెడితే జనం 18 శాతం కేలరీలు తక్కువ తిన్నారని, 2012 నాటిది. రాసినవారిలో బ్రయాన్ వాన్‌సింక్ ఒకరు. తర్వాత ఆయన పత్రాలు చాలా ఉపసంహరించారు. పరిశోధనలో అక్రమాలు జరిగాయని 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం తేల్చింది, ఆయన ఉద్యోగం వదిలారు. అంచేత ఆ 18 శాతాన్ని నేను మీ చేతిలో పెట్టను. మసక హోటల్లో తక్కువ తింటామని నమ్మి బిర్యానీకి బయల్దేరకండి.

మొత్తానికి దీపానికి అంత మంత్రశక్తి లేదు. ఎంతసేపు ఉంటాం, ఏది చేతిలోకి తీసుకుంటాం, మన గురించి మనం ఏమనుకుంటాం, వీటిని అది మెల్లగా కదుపుతుంది. కొనడమా మానడమా అన్నది ధర, అవసరం, పక్కనున్న ఇల్లాలి కనుసైగ తేలుస్తాయి.

చిన్న కొట్లవాళ్లు కూడా ఈ కబుర్లు చదువుతున్నట్టయితే రెండు ముక్కలు. ఎలక్ట్రికల్ షాపుకి వెళ్తే "వార్మా, కూలా?" అని అడుగుతాడు. డబ్బా మీద అంకె చూడండి. 2700, 3000 కెల్విన్ అంటే పసుపు. 4000 మధ్యస్థం. 6500 అంటే మనవాళ్లకి అలవాటైన నీలి తెలుపు. తిండి, బంగారం, పట్టు ఉన్నచోట మొదటిది, మందుల షాపుకీ స్టేషనరీకీ మూడోది, కిరాణాకి మధ్యది. సీఆర్‌ఐ తొంభై ఉన్నది రెండు కొనుక్కుంటే, ఎనభైవి నాలుగు కొన్నదానికంటే మేలు. అన్నింటికంటే ముఖ్యం, లైటు వచ్చినవాళ్ల కళ్లలోకి కొట్టకూడదు. కొట్టు నడిమధ్యన గుండుబల్బు వేలాడదీసి అరలన్నీ చీకట్లో పెడితే, వెలిగేది మీ బట్టతల ఒక్కటే. అదే బల్బు అరల వైపు తిప్పితే కందిపప్పు కూడా కళకళలాడుతుంది.

ఇక మనబోటి కొనేవాళ్ల సంగతి. ఇంటికి తెచ్చుకునే వస్తువైతే మొహమాటపడకుండా గుమ్మం దాకా తీసుకెళ్లండి. మండుటెండలో కాదు, గుమ్మం నీడలో, ఆకాశం వెలుగు పడేచోట. రేపు పెళ్లిలో చూసేదీ, వీధిలో నలుగురూ చూసేదీ ఆ రంగే కదా. చీర, చొక్కా, మాంసం, టమాటా, గోడకి వేసే రంగు, అన్నిటికీ ఇదే సూత్రం. అక్కడే కూర్చుని, అక్కడే తిని, అక్కడే మర్చిపోయి వచ్చేదైతే ఏ పరీక్షలూ పెట్టకండి. ఆ దీపానికి కూడా మన డబ్బే పోస్తున్నాం, హాయిగా అందంగా కనపడదాం. ఒక్క బిల్లు మాత్రం క్యాష్ కౌంటర్ దగ్గరికి వెళ్లి చదువుకోండి. ఎంత మసక హోటలైనా, ఆ ఒక్క చోట పట్టపగలులా ఉంటుంది.